లేని స్వరాన్ని వాయించేవాళ్ళం

సెల్‌ఫోన్‌లో పాట పెట్టుకుని వింటుంటే గొంతు కింద, తబలా కింద బాస్ గిటార్ నడుస్తున్న సంగతి తెలుస్తూనే ఉంటుంది. కాస్త చెవి ఉన్నవాళ్ళు ఆ నడకను కూనిరాగంగా తీయగలరు కూడా. విచిత్రమేమిటంటే ఆ ఫోన్ స్పీకరు వేలిగోరంత. 300 హెర్ట్జ్ కంటే కిందికి దిగితే దానికి గొంతు పెగలదు. బాస్ గిటార్‌లో అన్నిటికన్నా లావు తీగ, ఇ తీగ, ఎక్కడా నొక్కకుండా మీటితే సెకనుకు 41 సార్లు కంపిస్తుంది. దాని పక్కన ఎ తీగ 55, డి తీగ 73, జి తీగ 98. నాలుగింటిలో ఒక్కటి కూడా ఫోన్ పలకగల హద్దులో లేదు. మరి మనం విన్నదేమిటి?

తీగ ఒకే లెక్కన ఊగదు. మొత్తం పొడవునా 41 సార్లు ఊగుతూనే, రెండు సగాలుగా 82 సార్లు, మూడు ముక్కలుగా 124 సార్లు, నాలుగు ముక్కలుగా 165 సార్లు, ఇలా ఒకే క్షణంలో ఎన్నో రకాలుగా ఊగుతుంది. పాఠ్యపుస్తకాలు అనుస్వరాలని రాసే వీటిని బాస్ వాయించే మేం హార్మోనిక్స్ అంటాం. ఫోన్ స్పీకరు కింది ఏడింటినీ దాదాపు మింగేసి పైవాటిని మాత్రం బయటికి వదులుతుంది. అయితే మిగిలినవాటిలో ఏ రెండు పక్కపక్క స్వరాలు తీసుకున్నా వాటి మధ్య ఎడం 41 హెర్ట్జే. ఆ ఎడాన్ని పట్టుకుని వీటన్నిటి మూలం 41 దగ్గర ఉండి తీరాలని మెదడు తేలుస్తుంది. తేల్చి ఊరుకోదు, ఆ స్వరాన్ని మనకు వినిపిస్తుంది.

1840ల్లో ఆగస్ట్ సీబెక్ అనే జర్మన్ శాస్త్రవేత్త సైరన్‌తో ప్రయోగాలు చేస్తూ ఈ సంగతి పట్టుకున్నాడు. రంధ్రాలు పొడిచిన చక్రాన్ని తిప్పుతూ దాని మీదికి గాలి ఊది, మూల పౌనఃపున్యం ఎంతో బలహీనంగా ఉన్నా శ్రుతి మాత్రం అక్కడే వినిపిస్తోందన్నాడు. విద్యుత్ పాఠాల్లో మనకు తగిలే ఓమ్ ఒప్పుకోలేదు, అదంతా చెవి భ్రమ అన్నాడు. వాదం దాదాపు వందేళ్ళు తెగలేదు. 1940 ప్రాంతంలో నెదర్లాండ్స్‌లో షౌటెన్ అనే శాస్త్రవేత్త మూలస్వరాన్ని పూర్తిగా తీసేసి కూడా శ్రుతి నిలిచే ఉందని చూపించాక సీబెక్ పక్షానికి బలం వచ్చింది. పాత ల్యాండ్‌లైన్ టెలిఫోను 300 నుంచి 3400 హెర్ట్జ్ వరకే మోసుకొచ్చేది. మగవాళ్ళ గొంతు మూలం 120 దగ్గర ఉంటుంది. అయినా ఊళ్ళోంచి నాన్న ఫోన్ చేస్తే ఆ గొంతు నాన్న గొంతులాగే, అంత మందంగానే వినపడేది కదా.

తెలుగువాళ్ళకు బాస్ గిటార్ పరిచయమైంది కూడా ఇలా లేని స్వరంగానే. 1983లో ‘సాగర సంగమం’, 1989లో ‘గీతాంజలి’ పాటలను మన ఇళ్ళు అరచేయంత స్పీకరున్న ట్రాన్సిస్టర్లలో విన్నాయి. ఇళయరాజా పాటల్లో శశిధరన్ వేళ్ళు నడిపిన బాస్, గాయకుడి వెంట మరో పాట పాడుతున్నట్టు ఉంటుంది. ఆ బాస్ తరచూ పైతీగల మీదికి ఎక్కుతుంది, స్వరం నుంచి స్వరానికి మాటలు పలికినంత తేటగా కదులుతుంది. చిన్న స్పీకర్లలో అది మాసిపోకుండా బతకడానికి ఆ తేటదనమే కారణమని నేను నమ్ముతాను. ఒకే కింది స్వరాన్ని గుడగుడలాడించి ఉంటే ట్రాన్సిస్టర్లో ఏమీ మిగిలేది కాదు.

నేను చెప్పదలచిందంతా ఇక్కడి నుంచే మొదలవుతుంది. బాస్ అనగానే అందరికీ యాంప్ మీదున్న బాస్ బటన్ గుర్తొస్తుంది. దాన్ని కుడివైపు తిప్పితే పనైపోతుందనుకునే వాయిద్యకారులు కూడా తక్కువేం లేరు. నా దృష్టిలో ఆ బటన్ చేసే మేలు అన్నిటికన్నా తక్కువ. వినేవాడికి అందేది తీగ మీది హార్మోనిక్స్, స్వరం మొదలైన క్షణం, అది ఆగిన క్షణం. తీగలు తుడవడం దగ్గర్నుంచి హాల్లో యాంప్ ఎక్కడ పెట్టాలన్నదాకా మా జాగ్రత్తలన్నీ ఈ మూడింటి కోసమే.

తీగ ఎంత కిందికి పలకాలో ఏవి తేలుస్తాయో ఫ్రెంచి సన్యాసి మెర్సెన్ 1636లోనే లెక్కగట్టాడు. తీగ పొడవు, బిగువు, బరువు, ఈ మూడే. మామూలు గిటార్ ఇ తీగ 65 సెంటీమీటర్లుండి 82 హెర్ట్జ్ పలుకుతుంది. అదే తీగతో, అదే బిగువుతో ఒక స్థాయి దిగాలంటే పొడవు రెట్టింపు చేయాలి, అంటే 130 సెంటీమీటర్లు. ఆ మెడ మీద చేయి ఎక్కడ ఆనుతుంది? పొడవు ముట్టుకోకుండా బిగువును నాలుగో వంతుకు దించితే తీగ వేలాడుతుంది, ఫ్రెట్ల మీద, అంటే మెడ మీది మెట్ల మీద, పడి కొట్టుకుంటుంది. నిలబెట్టి వాయించే డబుల్ బాస్ తీగ మీటరు పైచిలుకు. విద్యుత్ బాస్ రాకముందు దాన్ని కార్ల పైకప్పులకు కట్టుకుని తిరిగేవాళ్ళు.

1930ల్లోనే సియాటిల్‌లో పాల్ టట్‌మార్క్ ఒళ్ళో పట్టే విద్యుత్ బాస్ చేశాడు గానీ అది పెద్దగా చెల్లలేదు. 1951లో కాలిఫోర్నియాలో లియో ఫెండర్ తెచ్చిన ప్రెసిషన్ బాస్ లోకమంతా పాకింది. రేడియోలు బాగుచేసే షాపు నడిపిన ఆ మనిషికి గిటార్ వాయించడం రాదు. 34 అంగుళాల తీగ పొడవు, అంటే 86 సెంటీమీటర్లు, ఆయన స్థిరపరచిందే. నేటికీ ఎక్కువ బాస్‌లది అదే కొలత. పొడవు ఇలా మధ్యలో ఆపేస్తే మిగిలిన లోటంతా బరువు తీర్చాలి. జి తీగతో పోలిస్తే ఇ తీగ మీటరుకు దాదాపు అయిదు రెట్లు బరువు.

ఇక్కడే చిక్కు. లావుపాటి ఉక్కు తీగ ఒక్కటే పెడితే అది తీగలా కాక కడ్డీలా ప్రవర్తిస్తుంది. వంగడానికి మొరాయించే గుణం వ్యాసం నాలుగో ఘాతంలో పెరుగుతుంది. వ్యాసం రెట్టింపైతే మొరాయింపు పదహారు రెట్లు. అలాంటి కడ్డీ మీద పై హార్మోనిక్స్ ఉండాల్సిన చోటి కంటే పైకి జరిగిపోతాయి, వాటి మధ్య ఎడం సమానంగా ఉండదు, మెదడుకు మూలం దొరకదు. అందుకని లోపల సన్నటి ఉక్కు కోర్ పెట్టి దాని చుట్టూ ఇంకో తీగ చుడతారు. చుట్టిన తీగ బరువిస్తుంది, వంగడానికి అడ్డుపడదు. మృదంగం ఎడమ మూతకు రవ్వ ముద్ద అద్దడం వెనక కూడా ఇదే ఉపాయం: తోలు బిగువు మార్చకుండా బరువు పెంచితే శ్రుతి దిగుతుంది. మృదంగం కుడి మూత మీది కరణిలో హార్మోనిక్స్ ఎలా కుదురుకుంటాయో లెక్క తేల్చింది విశాఖపట్నంలో బడికెళ్ళిన సి.వి. రామన్. ఆయన 1921లో తంబుర, వీణల మీద కూడా రాశాడు. తంబుర గుర్రం మీద తీగ మెల్లగా రాసుకుంటూ పైస్వరాలను ఎలా పుట్టిస్తుందో అందులో చర్చించాడు. ఫ్రెట్లు లేని బాస్‌లో వినిపించే ఆ దీర్ఘమైన పాడే గొంతు కూడా తీగ చెక్కను రాసుకోవడం వల్ల వచ్చేదే.

చుట్టిన తీగకు ఒక శాపముంది. చుట్టుకూ చుట్టుకూ మధ్య సందులుంటాయి. వేళ్ళ నూనె, చెమట ఉప్పు, రాలిన చర్మం పొడి, పెళ్ళిలో జల్లిన అక్షింతల పసుపు, అన్నీ ఆ సందుల్లో చేరతాయి. చేరిన మురికి తీగ పొడవునా ఒకేలా ఉండదు. వేళ్ళు ఎక్కువ తిరిగేచోట ఎక్కువ, తీగలు కింది కొసన ఆనే బ్రిడ్జి దగ్గర తక్కువ. దాంతో రెండు నష్టాలు. బరువు ఎగుడుదిగుడై హార్మోనిక్స్ వరస చెదురుతుంది, మెడ మీద పైకి వెళ్ళేకొద్దీ శ్రుతి తప్పుతుంది. రెండోది, చుట్ల మధ్య రాపిడి పెరిగి పై కంపనాలు ముందు చచ్చిపోతాయి. తీగ మీటిన వెంటనే మెరిసే ఆ గంట మోత పోయి మొద్దు శబ్దం మిగులుతుంది. దాన్ని కప్పిపుచ్చడానికే చాలామంది యాంప్ మీద ట్రెబుల్ పెంచేస్తారు. లేని హార్మోనిక్స్‌ను బటన్ పుట్టించలేదు, బుస్సుమనే చప్పుడును మాత్రం పెంచుతుంది.

నివారణ చాలా చవక. వాయించే ముందు చేతులు కడుక్కోవాలి, వాయించాక పొడి నూలుగుడ్డతో ప్రతి తీగనూ పైనా కిందా తుడవాలి. ముసలి తీగలను ఉడకబెట్టి మళ్ళీ కట్టుకోవడం బాస్‌వాళ్ళలో పాత అలవాటు. వేడినీళ్ళకు జిడ్డు కరిగి వదులుతుంది, కొన్నాళ్ళు తీగ మెరుస్తుంది. కానీ తడి చుట్ల లోపల ఉండిపోయి తుప్పు మొదలవుతుంది, విప్పి కట్టిన ప్రతిసారీ మెలిక పడ్డచోట లోహం అలసిపోతుంది. ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో ఒక రాత్రి నానబెట్టి ఆరబెట్టడం మేలు. తీగలు విప్పి వేరుగా చేయాలి సుమా, మెడ పాలిష్ మీద ఆ ద్రవం పడితే మచ్చ పోదు.

ఇంత చెప్పాక జేమ్స్ జేమర్సన్ గురించి చెప్పకపోతే అన్యాయం. డెట్రాయిట్‌లో మోటౌన్ సంస్థ నేలమాళిగ స్టూడియోలో 1960ల పాటలకు బాస్ అంటే ఇదని నేర్పిన మనిషి. ఆయన 1962 ప్రెసిషన్ బాస్‌కు లావుపాటి లాబెల్లా ఫ్లాట్‌వౌండ్ తీగలుండేవి. పైచుట్టు గుండ్రటి తీగతో కాక పట్టీతో వేసిన నున్నటి రకం. తెగితే తప్ప మార్చేవాడు కాదట. మురికి పోతే ఫంక్ పోతుందని ఆయన నమ్మకమంటారు. చూపుడు వేలొక్కదానితోనే మీటేవాడు. ఆ వేలికి సహచరులు ‘హుక్’ అని పేరు పెట్టారు. మరోపక్క ఇంగ్లాండులో ద హూ బృందం బాసిస్టు జాన్ ఎంట్‌విజిల్ 1966లో రోటోసౌండ్ కంపెనీతో కూర్చుని గుండ్రటి చుట్టు తీగలు పియానోలా మోగేలా చేయించుకున్నాడు. ఇద్దరిలో ఎవరిది ఒప్పు? జేమర్సన్ మొద్దు తీగలకు కింది మూడు నాలుగు హార్మోనిక్సే మిగిలేవి. కానీ ఆయన బాస్ ఎక్కువగా యాంప్, మైకు లేకుండా నేరుగా రికార్డింగ్ బల్లలోకే వెళ్ళేది, చుట్టూ పోటీపడే వాయిద్యాలను అమరిక చేసినవాళ్ళు తప్పించి పెట్టేవాళ్ళు. ఎంట్‌విజిల్‌కు హోరెత్తే గిటార్, డ్రమ్స్ మధ్యలోంచి చొచ్చుకు రావాలి. అవసరం వేరు, తీగ వేరు. మన ఆర్కెస్ట్రాల్లో కీబోర్డువాడి ఎడమచేయి కూడా బాస్ స్వరాల మీదే ఉంటుంది కాబట్టి నా ఓటు కొంచెం కొత్త తీగలకే.

చెక్క సంగతి. నాలుగు తీగలు కలిసి మెడను సుమారు 80 కిలోల బరువుతో లాగుతుంటాయి. ఒక పెద్దమనిషి ఎప్పుడూ ఆ మెడ కొసన వేలాడుతున్నట్టే. దానికి ఎదురులాగడానికి లోపల ట్రస్ రాడ్ అనే ఉక్కు కడ్డీ ఉంటుంది. గిబ్సన్ కంపెనీలో పనిచేసిన థడియస్ మెక్‌హ్యూ 1920ల్లో పేటెంటు తీసుకున్న ఏర్పాటు ఇది. చెక్క గాలిలో తేమను పీల్చి అడ్డంగా ఉబ్బుతుంది, పొడవునా దాదాపు కదలదు. మెడ మేపుల్, పైపలక రోజ్‌వుడ్ అయితే రెండూ ఒకే మోతాదులో ఉబ్బవు, అందుకే మెడ వంపు తిరుగుతుంది. ఏప్రిల్‌లో హైదరాబాద్ ఎండుగాలికి సర్దుకున్న బాస్‌ను విశాఖ సముద్రపు ఒడ్డున పెళ్ళికి పట్టుకెళ్తే రెండు మూడు రోజుల్లో ఎత్తు మారిపోతుంది. ఉప్పుగాలికి తీగలు తుప్పుపట్టడం సరేసరి. మొదటి ఫ్రెట్‌నూ, మెడ ఒంటికి అతుక్కునేచోటి ఫ్రెట్‌నూ ఒకేసారి నొక్కిపట్టి చూడండి. ఏడో ఎనిమిదో ఫ్రెట్ దగ్గర తీగ కింద విజిటింగ్ కార్డు మందం, అంటే 0.3 మిల్లీమీటర్లు, సందుంటే మంచిది. ఎక్కువుంటే రాడ్‌ను పావు చుట్టు బిగించి, రాత్రంతా వదిలేసి, మర్నాడు చూడాలి. చెక్కకు తొందర పనికిరాదు. ఎండలో నిలిపిన కారు డిక్కీలో బాస్ వదలకండి, జిగురు మెత్తబడుతుంది. లోపల 9 వోల్టుల బ్యాటరీ ఉన్న రకమైతే వాయించడం అయ్యాక కేబుల్ పీకేయండి. కేబుల్ గుచ్చి ఉన్నంతసేపూ బ్యాటరీ కరుగుతూనే ఉంటుంది.

తీగ కంపనం కరెంటుగా మారేది పికప్‌లో. ఫారడే 1831లో కనిపెట్టిన విద్యుదయస్కాంత ప్రేరణే ఇదంతా. అయస్కాంతం చుట్టూ వెంట్రుక కన్నా సన్నటి రాగి తీగను వేల చుట్లు చుడితే, దాని ముందు ఉక్కు తీగ ఊగినప్పుడల్లా చిన్న వోల్టేజీ పుడుతుంది. చుట్టకు మంచీ చెడూ తెలియదు. గోడలోని కరెంటు వైర్ల చుట్టూ ఉన్న అయస్కాంత క్షేత్రాన్ని కూడా అది ఇష్టంగా అందుకుంటుంది. అదే హమ్. మన దేశంలో కరెంటు 50 హెర్ట్జ్. బాస్ ఇ తీగ మీద మూడో ఫ్రెట్ నొక్కితే వచ్చే జి స్వరం 49 హెర్ట్జ్. అంటే మన హమ్ కాస్త శ్రుతి ఎక్కిన జి. జి స్కేలులో పాట నడుస్తూ బాసిస్టు ఆ స్వరాన్ని నిలిపితే, 49కీ 50కీ మధ్య తేడా సెకనుకు ఒకటి కాబట్టి, శబ్దం సెకనుకోసారి ఉబ్బి తగ్గుతూ ఉంటుంది. అది బాస్ లోపమనుకుని శ్రుతి సరిచేసేవాళ్ళను చూస్తే నవ్వొస్తుంది. అమెరికాలో కరెంటు 60 హెర్ట్జ్ కాబట్టి వాళ్ళ హమ్ ఎ షార్ప్‌కూ బి కీ నడుమ పడుతుంది, వాళ్ళ బాధ వేరే స్కేలులో ఉంటుంది. షామియానా కింద జనరేటర్ మీద నడిచే కచేరీల్లోనైతే, లోడు పడినప్పుడల్లా హమ్ స్వరమే కిందికి జారుతుంది.

1957లో ఫెండర్ ప్రెసిషన్ బాస్ పికప్‌ను రెండు ముక్కలు చేసి, ఒకదాన్ని తిరగేసి చుట్టి, దాని అయస్కాంతాన్నీ తిరగేశాడు. హమ్ రెండింటిలోనూ ఎదురెదురుగా వచ్చి కొట్టుకుపోతుంది. తీగ శబ్దానికి రెండు తిరగేతలూ వర్తించి అది మాత్రం మిగులుతుంది.

హమ్ వినిపిస్తోందని ప్లగ్గులో ఎర్త్ పిన్ను విరగ్గొట్టే మహానుభావులు మన స్టేజీల మీద ఇంకా ఉన్నారు. దయచేసి ఆ పని చేయకండి. హమ్ రాకుండా అడ్డుకోవడానికి బాస్ తీగలను బ్రిడ్జి ద్వారా యాంప్ ఎర్త్‌కు కలుపుతారు. అంటే తీగ మీద చేయి వేసినప్పుడు మీ ఒళ్ళే ఆ వైరుకు కొనసాగింపు. ఎర్త్ లేని యాంప్‌లో లోపమొచ్చి, ఇంకో వైపున్న మైకుకు పెదవి తగిలిందా, కరెంటు గుండె మీదుగా పోతుంది. 1972 మేలో వేల్స్‌లోని స్వాన్సీలో స్టోన్ ద క్రోస్ బృందం గిటారిస్టు లెస్ హార్వీ స్టేజీ మీద మైకు ముట్టుకుని ఇలాగే చనిపోయాడు. సౌండ్ సిస్టమ్ కట్టగానే టెస్టర్‌తో మైకు జాలీని, తీగలను ఒకసారి తాకించి చూడటానికి నిమిషం కూడా పట్టదు. వానాకాలం టెంటు కింద తడి కార్పెట్ మీద నిలబడినప్పుడు మరీ ముఖ్యం.

ఇక యాంప్. కింది స్వరాలకు మన చెవి సగం చెవిటిది. బెల్ ల్యాబ్స్‌లో ఫ్లెచర్, మన్సన్ 1933లో మనుషులకు వినిపించి గీసిన రేఖలు, ఆ తర్వాత సవరించిన ప్రమాణాలు ఒకటే చెబుతాయి. మెల్లగా మాట్లాడే స్థాయిలో 1000 హెర్ట్జ్ స్వరం ఎంత వినపడుతుందో 40 హెర్ట్జ్ స్వరం అంతే వినపడాలంటే దానికి సుమారు 40 డెసిబెల్స్ అదనంగా కావాలి, అంటే పదివేల రెట్ల శక్తి. గిటారిస్టు 30 వాట్లతో హాయిగా ఉంటే బాసిస్టు 300 వాట్లు మోయడానికి కారణమిదే. 1969లో యాంపెగ్ కంపెనీ తెచ్చిన ఎస్.వి.టి. అనే 300 వాట్ల యాంప్, దానికి జతగా ఎనిమిది స్పీకర్ల బీరువాలాంటి పెట్టె రాక్ కచేరీలకు ప్రమాణమయ్యాయి. ఆ ఎనిమిది స్పీకర్ల పెట్టె కూడా 58 హెర్ట్జ్ దగ్గర్నుంచే కిందికి వాలిపోవడం మొదలెడుతుంది. 41 హెర్ట్జ్ దాకా వచ్చేసరికి బాగా నీరసం. ప్రపంచంలో అన్నిటికంటే మందంగా వినిపించే బాస్ అని పేరున్న పెట్టె కథ ఇది! అక్కడ కూడా వినేవాడి మెదడే మిగతా పని చేస్తోంది.

హాల్లోకి వెళ్దాం, అసలు కష్టం అక్కడుంది. 41 హెర్ట్జ్ తరంగం పొడవు 8.4 మీటర్లు. ఈ లెక్క తెలిసిన బాసిస్టులు ఒక సిద్ధాంతం చెబుతుంటారు: తరంగం పూర్తిగా తయారవ్వాలంటే ఎనిమిది మీటర్ల దూరం కావాలి, అందుకే యాంప్ పక్కన నిలబడితే బాస్ వినపడదని. వినడానికి బాగుంటుంది, నిజం కాదు. అదే నిజమైతే హెడ్‌ఫోన్లో బాస్ వినపడకూడదు, అక్కడ స్పీకరుకూ చెవికీ మధ్య రెండు సెంటీమీటర్లు కూడా ఉండవు. చెవి దగ్గర గాలి పీడనం సెకనుకు 41 సార్లు మారితే చాలు, తరంగం అక్కడ మొత్తం పడుకోనక్కర్లేదు.

వినపడకపోవడానికి కారణాలు వేరు. నేలకూ స్లాబుకూ మధ్య మూడున్నర మీటర్లున్న ఫంక్షన్ హాలు ఊహించండి. కింద గ్రానైటు, పైన సిమెంటు, రెండూ శబ్దాన్ని గట్టిగా తిప్పికొట్టేవే. తరంగం పొడవులో సగం సరిగ్గా ఆ ఎత్తుకు సరిపోయే స్వరం ఏదంటే 49 హెర్ట్జ్, మళ్ళీ మన జి. ఆ స్వరం వాయించినప్పుడల్లా పైకీ కిందికీ తిరిగే తరంగాలు ఒకదాని మీద ఒకటి పేరుకుని హాలంతా గుమ్మంటుంది. పీడనం నేల దగ్గర, స్లాబు దగ్గర గరిష్ఠం, నట్టనడుమ దాదాపు సున్నా. నట్టనడుమ అంటే 1.75 మీటర్లు. నిలబడి వాయించేవాడి చెవి ఇంచుమించు అక్కడే ఉంటుంది! కుర్చీలో కూర్చున్న అతిథి చెవికి లెక్క ప్రకారం అంతకు నాలుగు రెట్ల పీడనం తగులుతుంది. వాయించేవాడు వినపడటం లేదని పెంచుతాడు, భోజనాల దగ్గర కూర్చున్న పెదనాన్నగారు చెవులు మూసుకుంటారు. ఇద్దరి ఫిర్యాదూ న్యాయమే.

రెండో కారణం పైస్వరాలది. పది అంగుళాల స్పీకరు కింది స్వరాలను అన్నివైపులా చల్లుతుంది గానీ 2000 హెర్ట్జ్ దాటాక టార్చిలైటులా నేరుగా ముందుకే పంపిస్తుంది. వేలు తీగను వదిలినప్పటి ఆ ‘టిక్’, స్వరం మొదలు ఎక్కడుందో చెప్పేది, ఆ గుంపులోదే. నేల మీదున్న యాంప్‌లోంచి అది మీ మోకాళ్ళ పక్క నుంచి దూసుకుపోయి మొదటి వరసకు చేరుతుంది. మీకు మిగిలేది గుడగుడ ఒక్కటే. యాంప్‌ను కుర్చీ మీదికి ఎక్కించండి, లేదా ముందు కాళ్ళ కింద ఇటుక పెట్టి మీ ముఖం వైపు వాల్చండి. గోడ మూల నుంచి దూరంగా జరపండి, మూలలో మూడు ఉపరితలాలు కలిసి కింది స్వరాలను ఇంకా ఉబ్బిస్తాయి. మిక్సర్ దగ్గర సౌండాయనను బతిమాలి బాస్ చానెల్‌లో 40 హెర్ట్జ్ కింద కోసేయమనండి. కోస్తే బాస్ తగ్గుతుందని ఆయన భయపడతాడు. తగ్గదు, తేటపడుతుంది. హాలును కదిలించి స్పీకర్లను అలసగొట్టడం తప్ప ఆ కిందిభాగం పాటకు చేసేది తక్కువ. కింద కోసినదానికి బదులు 700, 800 దగ్గర కొంచెం పెంచితే స్వరాల మధ్య తేడా వెనక వరసకూ తెలుస్తుంది.

(‘అన్నా, నీ గిటార్‌కి రెండు తీగలు తెగిపోయాయా?’ అని వచ్చి అడిగే కుర్రాడు ప్రతి పెళ్ళిలోనూ ఉంటాడు. వాడికి ఈ సంగతులేవీ చెప్పబోకండి, భోజనం చల్లారిపోతుంది.)

నా వాదనకు ఎదురు నిలిచే ప్రయోగం ఒకటుంది, దాన్ని దాచడం మర్యాద కాదు. కెనడాలోని మెక్‌మాస్టర్ విశ్వవిద్యాలయంలో కచేరీ హాలూ ప్రయోగశాలా ఒకటిగా కట్టుకున్న చోటు ఉంది. అక్కడ ఆర్ఫెక్స్ అనే ఎలక్ట్రానిక్ సంగీత జంట కచేరీ చేస్తుండగా, 8 నుంచి 37 హెర్ట్జ్ మధ్య మాత్రమే పలికే ప్రత్యేక స్పీకర్లను ప్రేక్షకులకు చెప్పకుండా రెండున్నర నిమిషాలకోసారి వేస్తూ ఆపుతూ పోయారు. జనం తలకట్లకు కదలిక కొలిచే పరికరాలున్నాయి. ఆ స్పీకర్లు నడిచినప్పుడు జనం సగటున 11.8 శాతం ఎక్కువగా ఊగారు. తేడాను చెవితో పసిగట్టగలిగారా అంటే, లేదు. 2022లో అచ్చయిన ఈ ఫలితం ప్రకారం అట్టడుగు కంపనాలకు చెవి కాకపోయినా ఒళ్ళు స్పందిస్తుంది. చర్మం, లోపలి చెవిలో తూకాన్ని చూసుకునే భాగం దారి చూపిస్తున్నాయని పరిశోధకుల ఊహ. ఒప్పుకుంటాను. కాకపోతే ఆ స్పీకర్లు మోసుకొచ్చే శక్తి మన ఫంక్షన్ బ్యాండులో ఎవరికుంది?

అదే విశ్వవిద్యాలయం నుంచి 2014లో వచ్చిన మరో పరిశోధన మాత్రం నా పక్షాన నిలుస్తుంది. ఒక పైస్వరం, ఒక కిందిస్వరం కలిపి లయగా వినిపిస్తూ, అప్పుడప్పుడూ రెండింటిలో ఒకదాన్ని సెకనులో ఇరవయ్యో వంతు ముందుగా మోగించారు. తలకు కట్టిన ఎలక్ట్రోడ్లలో మెదడు తరంగాలు చూస్తే, కిందిస్వరం తొందరపడినప్పుడు మెదడు గట్టిగా ఉలిక్కిపడింది, పైస్వరం తొందరపడితే అంతగా పట్టించుకోలేదు. లయకు వేలితో తాళం వేయమంటే చేతులు కూడా కిందిస్వరాన్నే అనుసరించాయి. కీర్తన తప్పు పాడినా క్షమించే సభ తాళం తప్పితే తలెత్తి చూస్తుందని మన మృదంగం వాళ్ళకు ఎప్పటి నుంచో తెలుసు. ఇప్పుడు దానికి కొలతలు దొరికాయి. శ్రుతి తప్పిన బాస్‌ను పెళ్ళివారు గమనించకపోవచ్చు. తాళానికి ముందో వెనకో పడ్డ బాస్‌ను ఎవరికీ చెప్పలేకపోయినా అందరూ గమనిస్తారు.

ఆ సమయం మొదలు దగ్గరే కాదు, చివర్లోనూ ఉంది. మంచి తీగ ఒకసారి మీటితే పది సెకన్లు పైగా మోగుతుంది. గ్రానైటు హాలు దానికి తన ప్రతిధ్వనిని కలుపుతుంది. ముందు స్వరం చావకముందే తర్వాతిది వస్తే రెండు హార్మోనిక్ వరసలు ఒకదాన్లో ఒకటి దూరి, మెదడు ఏ మూలాన్నీ తేల్చలేకపోతుంది. ఎడమచేతి వేళ్ళను ఫ్రెట్ మీద నుంచి పూర్తిగా ఎత్తకుండా వదులు చేస్తే స్వరం ఆగుతుంది. కొత్తగా నేర్చుకునేవాళ్ళు కుడిచేతి మీటు కోసం నెలలు సాధన చేస్తారు, ఈ ఆపడం మీద ఎవరూ కూర్చోరు.

ఫెండర్ తొలిరోజుల బాస్‌లలో బ్రిడ్జి మీద ఒక క్రోమ్ మూత ఉండేది, దాని లోపల తీగలకు ఆనేలా స్పాంజి అతికించేవాళ్ళు. డబుల్ బాస్ లాగా స్వరం తొందరగా సద్దుమణగాలని. జేమర్సన్ బాస్‌లో ఆ స్పాంజి చివరిదాకా ఉంది. తర్వాతి తరాలు చేతికి అడ్డమని మూతతో పాటు దాన్నీ పీకేశాయి. గచ్చు నేల, అద్దాల గోడలున్న హాలులో వాయించాల్సిన రోజున చెప్పుల షాపులోనో పరుపుల షాపులోనో దొరికే స్పాంజి ముక్క ఒకటి కోసి, బ్రిడ్జిని ఆనుకుని తీగల కింద దూర్చండి. తీగకు తగిలీ తగలనట్టుండాలి. నొక్కేస్తే స్వరమే ఉండదు, ముట్టకపోతే లాభం లేదు. రెండు పాటలు వాయించాక సౌండాయన బాస్ ఫేడర్‌ను పైకి జరుపుతాడు, పైకి జరపగలిగే వీలు అప్పుడే వస్తుంది కాబట్టి.